చెట్ల తలలు నరికితే తుపాను ఆగదు: రోడ్డు పక్క చెట్ల కోతకు ఒక పద్ధతి కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటా సెప్టెంబరు వచ్చేసరికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రోడ్ల మీద ఒకే పని కనిపిస్తుంది. ఒక ట్రాక్టరు, ఒక నిచ్చెన, నలుగురు కూలీలు, ఒక మిషన్ రంపం. తుపాన్లు రాబోతున్నాయని చెప్పి నిద్రగన్నేరు, తురాయి, వేప, కానుగ, ఏది ఎదురైతే దాని తల తీసేస్తారు. పొద్దు గూకేసరికి మొండెం మిగులుతుంది. కొమ్మల లోడు వెళ్లిపోయాక రోడ్డు శుభ్రంగా కనిపిస్తుంది, జాగ్రత్త తీసుకున్నామని అందరూ నమ్ముతారు. చెట్టు పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాం: ఆ కోత రాబోయే తుపాను నుంచి కాపాడదు, మూడేళ్ల తర్వాత వచ్చే తుపానుకు చెట్టును విరగడానికి సిద్ధం చేసి పెడుతుంది.

2013 అక్టోబరులో ఫైలిన్, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికి ఉత్తరాన దాటిన గులాబ్. తిత్లీ తీరం దాటినప్పుడు గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. ఆ గాలికి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. అంతటి గాలికి మంచి చెట్టు కూడా పడుతుంది, కాదనం. అయితే మన రోడ్ల మీద చెట్లు విరగడానికి అంత గాలి అక్కర్లేదు. మామూలు వాయుగుండానికే బస్సుల మీద, వైర్ల మీద కొమ్మలు పడుతున్నాయి. ఆ విరిగిన చోటును దగ్గరికి వెళ్లి చూడండి.

నాలుగేళ్ల కిందట తల నరికిన నిద్రగన్నేరు ఒకటి తీసుకోండి. తొడ లావు కొమ్మను మధ్యలో అడ్డంగా కోసి వదిలేశారు. ఆ మోడు చివర చుట్టూ పది పన్నెండు పిలకలు లేచాయి. ఆకు పోగొట్టుకున్న చెట్టు ఆకలితో వేసిన పిలకలవి, ఏడాదికి మనిషి ఎత్తు దాటి పెరుగుతాయి. మామూలు కొమ్మ పుట్టినప్పటి నుంచి మానుతో కలిసి పెరుగుతుంది, దాని మొదలు ఏటికేడు మాను కలపలోకి దిగబడి ఉంటుంది. ఈ పిలక అలా కాదు, బెరడు కింద పై పొరలోనే పుట్టి అక్కడే అతుక్కుని ఉంటుంది. మరోవైపు కోసిన మోడు మూసుకోదు. వాన నీరు దిగి లోపల మెత్తబడుతుంది, వేలు పెడితే పొడి రాలుతుంది. పిలకలు నాలుగేళ్లలో చేతి లావు అవుతాయి, ఆకు బరువు ఎక్కుతుంది, కింద పట్టు మాత్రం కుళ్లిపోతూ ఉంటుంది. వాన కురిసి ఆకు తడిసి బరువెక్కిన రోజున ఒక విసురు గాలి చాలు, పిలక మొదలంటా ఊడి వస్తుంది. దాన్ని చూసి "చూశారా, ఈ చెట్టు ప్రమాదం" అని మళ్లీ తల నరుకుతారు.

అమెరికా అటవీ శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేల చెట్లను నిలువునా కోసి చూసి తేల్చిన సంగతి ఒకటుంది. చెట్టుకు మన ఒంటి మీద పుండు మానినట్టు మానదు. పాడైన చోటును గోడ కట్టి వేరు చేసుకుంటుంది, ఆ పైన కొత్త కలప వేసుకుంటుంది. ఆ గోడ కట్టే బలం కొమ్మ మొదట్లో, మానుకు ఆనుకున్న చోట ఉబ్బుగా చొక్కా కాలరులా కనిపించే పట్టీలో ఉంటుంది. కోత ఆ పట్టీకి కాస్త బయట పడాలి. పట్టీని తెగ్గొట్టి మానుకు సమంగా నున్నగా కోస్తే గోడ పోతుంది. జానెడు మోడు వదిలితే పట్టీ మూసుకోలేక మోడు కుళ్లి, ఆ కుళ్లు లోపలికి దారి తీస్తుంది. రెండూ తప్పే. మన దగ్గర ఎక్కువగా జరిగేది రెండోది.

బరువైన కొమ్మను ఒక్క కోతతో తీయకూడదు. సగం తెగేసరికి బరువుకు కిందికి వాలి, మాను బెరడును గజం పొడవున ఒలుచుకుంటూ పోతుంది. మూడు కోతలు వేయాలి. మొదటిది మానుకు అడుగు దూరంలో, కొమ్మ అడుగు నుంచి పైకి, లావులో మూడో వంతు వరకు. రెండోది దానికి రెండంగుళాలు అవతల, పైనుంచి కిందికి. కొమ్మ మొదటి గంటు దగ్గర తెగి పడిపోతుంది, బెరడు ఒలవదు. మూడోది మిగిలిన మోడును పట్టుకుని పట్టీకి బయట. కొమ్మను పూర్తిగా తీయనక్కర్లేదు, పొడవు తగ్గిస్తే చాలనుకుంటే, పక్క కొమ్మ ఉన్న చోటే కోయాలి. ఆ పక్క కొమ్మ మనం తీసేదాని లావులో కనీసం మూడో వంతు ఉండాలి. అంతకన్నా సన్నదైతే అది ఆ భారం మోయలేదు, మళ్లీ పిలకలే. ఒక ఏడాదిలో పచ్చని ఆకులో నాలుగో వంతుకు మించి తీయకూడదు, ముసలి చెట్టుకు ఇంకా తక్కువ. కోసిన చోట పెయింటు, తారు పూస్తే చెట్టుకు మేలని చాలామంది నమ్మకం. నీడనిచ్చే రోడ్డు చెట్లకు దానివల్ల ఉపయోగం లేదు, లోపలి తడిని పట్టి ఉంచి కుళ్లును పెంచే అవకాశమే ఎక్కువ.

ఏ కొమ్మ తీయాలన్నది అంతకన్నా ముఖ్యం. ఎండుకొమ్మ, చీలిన కొమ్మ, రెండు సమాన లావు కొమ్మలు ఇరుకుగా కలిసి మధ్యలో బెరడు నలిగిన పంగ, మాను మొదట్లో కుక్కగొడుగులు లేచిన చెట్టు, తట్టితే డొల్లగా మోగే మాను. ముందు వీటిని చూసి రాసుకోవాలి. సుత్తి కొయ్యతో తట్టి చూడటానికి ఒక్కో చెట్టుకు ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలు పెట్టకుండా ఊరంతా ఒకే ఎత్తున నరికేస్తే బాగున్న చెట్టు పాడవుతుంది, డొల్ల చెట్టు అలాగే ఉంటుంది.

వేళ్ల సంగతి రెండు మాటల్లో చెబుతాం. వేళ్లలో ఎక్కువ భాగం పై రెండడుగుల మట్టిలోనే ఉంటుంది. కాలువ కోసమో, పైపు కోసమో మానుకు ఆనుకుని జేసీబీతో గొయ్యి తీస్తే ఆ పక్క పట్టు మొత్తం పోయినట్టే. గాలి అటు నుంచి వీచినప్పుడు చెట్టు వేర్లతో సహా లేచి ఇటు పడుతుంది. మాను చుట్టూ మొదలంటా సిమెంటు పోయడం కూడా ఇదే కోవ. ఢిల్లీ చెట్ల విషయంలో జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లోనే మాను చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయాలని ఆదేశించింది. మన పట్టణాల్లో ఇప్పటికీ పేవర్ టైల్స్ మాను బెరడును తాకుతూనే ఉన్నాయి.

కరెంటు తీగల కింద పని మరో ఎత్తు. లైన్ క్లియర్, అంటే తీగలో కరెంటు ఆపినట్టు రాతపూర్వక అనుమతి, తీసుకోకుండా ఏ చెట్టూ ఎక్కకూడదు. "ఫోన్ చేశాం, ఆపేశారు" అంటే లైన్ క్లియర్ కాదు. ఏ ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను), ఏ సమయం నుంచి ఏ సమయం వరకు, ఎవరు తీసుకున్నారు అన్నది రాతలో ఉండాలి. లైన్‌మన్ టెస్టర్‌తో చూసి, పని జరిగే చోటుకు రెండు పక్కలా ఎర్త్ రాడ్లు తగిలించాకే రంపం పైకి వెళ్లాలి. ఎర్త్ ఎందుకంటే, సబ్‌స్టేషన్‌లో ఆపినా ఎవరింట్లోనో జనరేటరు సరిగా వేరు చేయకుండా తిప్పితే కరెంటు ట్రాన్స్‌ఫార్మరు గుండా వెనక్కి వచ్చి 11 కేవీ తీగకు ఎక్కుతుంది. తుపాను మర్నాడు ఇంటింటా జనరేటర్లు తిరిగేది అప్పుడే, కొమ్మలు కోసేదీ అప్పుడే. లైన్ క్లియర్ లేనప్పుడు మనిషి, పనిముట్టు, కోసిన కొమ్మ, అన్నీ తీగకు కనీసం మూడు మీటర్ల దూరంలో ఉండాలి. తడిసిన వెదురు దోటి, తడిసిన తాడు, పచ్చి కొమ్మ, ఇవన్నీ కరెంటును పారనిస్తాయి. తెగి పడిన తీగ కనిపిస్తే దగ్గరికి పోకుండా విద్యుత్ సంస్థ 1912 నంబరుకు ఫోన్ చేసి చెప్పాలి. ఇక తీగ కింద చెట్టుకు తల నరకడం కన్నా, తీగ వైపు పెరిగే కొమ్మలను మొదట్లో తీసి పక్కలకు వెళ్లే కొమ్మలను ఉంచితే చెట్టు తనే తీగను వదిలి పెరుగుతుంది. అలా ఒకసారి చేస్తే మూడు నాలుగేళ్లు మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. తల నరికితే వచ్చే ఏడాదికే పిలక తీగకు తగులుతుంది.

ఇప్పుడు మిషన్ రంపం పట్టే మనిషి గురించి. తిత్లీ తర్వాత ఊరూరా మిషన్ రంపాలు వచ్చాయి. మంచిదే, గొడ్డలితో రోజంతా పట్టే పని గంటలో అవుతుంది. అయితే మిషన్‌తో పాటు రావాల్సినవి రాలేదు. లుంగీ, హవాయి చెప్పులు, తలకు తువాలు, ఇదే ఇప్పటి కవచం. చైను సెకనుకు 20 మీటర్లకు పైగా తిరుగుతుంది, తొడకు తగిలితే చేయి వెనక్కి తీసుకునేలోపే ఎముక దాకా దిగుతుంది. తొడలకు కట్టుకునే చాప్స్ అనే కవచం లోపల పొడవాటి దారాల పొరలు ఉంటాయి. చైను తగలగానే ఆ దారాలు బయటికి లాగబడి మిషన్ పళ్ల చక్రానికి చుట్టుకుని దాన్ని ఆపేస్తాయి. ఒకసారి కోత పడ్డ చాప్స్ మళ్లీ పనికిరావు, కుట్టి వాడకూడదు. దీనికి తోడు జాలీ ముసుగు, చెవి కప్పులు ఉన్న హెల్మెట్, ఉక్కు మూతి బూట్లు. మిషన్ చప్పుడు 100 డెసిబెల్స్ దాటుతుంది, చెవి కప్పులు లేకుండా ఏళ్ల తరబడి పనిచేస్తే వినికిడి పోతుంది, తిరిగి రాదు. వేళ్లు తిమ్మిరెక్కి తెల్లబడుతున్నాయంటే అదురు వల్ల రక్తనాళాలు దెబ్బతింటున్నాయని అర్థం. అదురు తగ్గించే రబ్బరు బుష్‌లు అరిగితే మార్చాలి.

పొద్దున్నే మిషన్ తీసేముందు చూడాల్సింది చైను బ్రేకు. నేల మీద పెట్టి స్టార్టు చేసి, ఒక్క క్షణం వేగం పెంచి ముందు గార్డును మణికట్టుతో నెడితే చైను టక్కున ఆగాలి. ఆగకపోతే ఆ రోజు ఆ మిషన్ పక్కన పెట్టాల్సిందే. ఎందుకంటే చైను తిరిగే పొడవాటి ఉక్కు రేకు, అంటే బార్, దాని మూతి పైభాగం దేనికైనా తగిలితే మిషన్ ఒక్క ఉదుటున మొహం మీదికి తన్నుకొస్తుంది, అప్పుడు ఆపేది ఆ బ్రేకు ఒక్కటే. అందుకే ఎడమ చేతి బొటనవేలు పిడి చుట్టూ చుట్టి పట్టాలి, భుజం ఎత్తు దాటి కోయకూడదు, నిచ్చెన మీద నిలబడి కోయకూడదు. చెట్టెక్కి కోసేవారు రెండు చోట్ల కట్టుకోవాలి. ఒక తాడు పొరపాటున చైనుకు తెగినా రెండోది పట్టుకుంటుంది. ఎద్దులకు కట్టే ప్లాస్టిక్ తాడు మనిషి ప్రాణానికి పనికిరాదు, ఎండకు లోపల పెళుసెక్కిపోయి ఉంటుంది.

చైను మొద్దుబారితే మనిషి బలం పెట్టి నొక్కుతాడు, నొక్కితే పట్టు జారుతుంది. పదునుగా ఉందో లేదో రాలేది చూస్తే తెలుస్తుంది: చెక్క పేళ్లు రాలితే పదును ఉంది, పిండి రాలితే లేదు. ట్యాంకు పెట్రోలు అయిపోయినప్పుడల్లా ఒక్కో పంటికి రెండు మూడు ఆకురాయి పోట్లు వేస్తే చాలు. ఆకురాయి లావు చైనును బట్టి ఉంటుంది: .325 పిచ్ (చైను లంకెల ఎడం, అంగుళాల్లో) చైనుకు 4.8 మిల్లీమీటర్లు, చిన్న మిషన్ల 3/8 లో-ప్రొఫైల్ (పొట్టి పళ్ల) చైనుకు 4 మిల్లీమీటర్లు. 30 డిగ్రీల వాటంలో, ఒకే దిక్కుకు తోయాలి. పంటి ముందున్న గుబ్బ పంటికన్నా 0.65 మిల్లీమీటరు పల్లంగా ఉండేట్టు చూడాలి. "బాగా కోస్తుంది" అని ఆ గుబ్బను ఇంకా అరగదీసేవారున్నారు, అలాంటి చైనే ఎక్కువగా వెనక్కి తన్నుతుంది. పంటి పొడవు నాలుగు మిల్లీమీటర్లకు తగ్గితే చైను మార్చాలి. పెట్రోలులో టూ స్ట్రోక్ ఆయిల్ మిషన్ పుస్తకంలో చెప్పినంతే కలపాలి. 50కి 1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అంటే 40. తక్కువ పడితే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్ మసిబారుతుంది. బార్‌కు లారీలోంచి తీసిన పాత ఆయిల్ పోయడం మనకు అలవాటు. అందులోని ఇనుప రజను బార్ గాడిని అరగదీస్తుంది, ఆవిరై మనిషి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నిలబడిన చెట్టును పడగొట్టేటప్పుడు ముందు దాని వాటం చూడాలి. వెనక్కి రెండు పక్కలకు ఏటవాలుగా పరుగెత్తే దారి చదును చేసి పెట్టుకోవాలి. చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో ఎవరూ ఉండకూడదు. పడే దిక్కున గంటు మాను లావులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు. వెనక కోత పూర్తిగా తెంచకుండా పదో వంతు కీలులా వదలాలి. 40 సెంటీమీటర్ల సరుగుడు మానుకు అది నాలుగు సెంటీమీటర్లు. ఆ కీలే తలుపు బందులా చెట్టును నడిపిస్తుంది. కీలు తెగ్గొడితే చెట్టు ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. ఒక వైపు బాగా ఒరిగిన సరుగుడును మామూలుగా వెనక నుంచి కోస్తే మాను నిలువునా చీలి, చీలిన ముక్క మనిషి మొహం ఎత్తుకు లేస్తుంది. కొబ్బరికి చేవ ఉండదు, అంతా నారే, కీలు నమ్మకంగా పనిచేయదు. దానికి తాడు కట్టి తీరాలి.

తుపాను మర్నాడు జరిగే ప్రమాదాలు వేరే రకం. రోడ్డుకు అడ్డంగా పడ్డ సరుగుడు, తల ఒక గట్టు మీద, మొదలు మరో గట్టు మీద ఆని విల్లులా వంగి ఉంటుంది. దాని పైభాగం నొక్కుకుని, అడుగుభాగం సాగి ఉంటుంది. సాగిన వైపు నుంచి మొదలుపెడితే ఒక్కసారిగా తెగి విసురుతుంది. నొక్కుకున్న వైపు ముందు మూడో వంతు కోసి, తర్వాత సాగిన వైపు నుంచి మెల్లగా కలపాలి. మనిషి ఎప్పుడూ మాను వంగిన వైపు కాకుండా పక్కన నిలబడాలి. వేళ్లతో లేచిన చెట్టును మొదట్లో కోస్తే ఆ వేళ్ల గడ్డ, మట్టితో సహా, గోతిలోకి వెనక్కి వాలిపోతుంది. ఆ గోతిలో పిల్లలు ఆడుకుంటారు. కోసేముందు గోతిలోకి తొంగి చూడాలి, ఆ దరిదాపుల్లో ఒకరిని కాపలా పెట్టాలి. ఒక చెట్టు ఇంకో చెట్టు మీద ఆగితే ఆసరాగా నిలిచిన చెట్టును కోయడం ఆత్మహత్యతో సమానం. తాడు, చైన్ బ్లాక్ (గొలుసు కప్పీ) వేసి ఆగిన చెట్టును కిందికి లాగాలి.

తోటల్లో కూలిన కొబ్బరి దుంగలు పడి ఉంటే కొమ్ము పురుగు వాటిలోనే గుడ్లు పెట్టి, నిలిచిన చెట్ల మొవ్వు మీద పడుతుంది. నెలలోపు తొలగించాలి. జీడి కొమ్మ చీలిన చోట శుభ్రంగా కోసి పదిశాతం బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) రాయాలి. పైన రోడ్డు చెట్లకు పూత వద్దన్నాం, తోట పంటలో తెగులు ఉంది కనుక ఇక్కడ అవసరం. ఇక జీడికి కాండం తొలిచే పురుగు మాను మొదట్లో తొలిచి చెట్టును చంపుతుంది. దానికి మాను మీద మీటరు ఎత్తు వరకు ఒక పాలు తారుకు రెండు పాళ్లు కిరోసిన్ కలిపి పూస్తే ఆ పురుగు గుడ్లు పెట్టడం తగ్గుతుంది.

చట్టం సంగతి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అందరూ వాల్టా అంటారు, సొంత పట్టా భూమిలో కూడా చాలా రకాల చెట్లు కొట్టడానికి ముందు అనుమతి కావాలంటుంది. కలప బండి ఎక్కితే అటవీ శాఖ రవాణా నియమాలు వర్తిస్తాయి. తుపానుకు పడిపోయింది కదా అని రోడ్డు పక్క మాను ఎవరైనా కోసి తీసుకుపోవచ్చనుకోవడం పొరపాటు. ఇంకో సంగతి కూలీలకు, కాంట్రాక్టర్లకు తెలియాలి. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం రెండో షెడ్యూలులో చెట్లు కొట్టే పని పేరు పెట్టి ఉండేది. కాంట్రాక్టరు మనిషికి దెబ్బ తగిలితే పని చేయించుకున్న అసలు యజమాని కూడా బాధ్యుడేనని 12వ సెక్షను చెప్పేది. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది, ఆ బాధ్యత అందులోనూ ఉంది. రోజు కూలి కదా అని వదిలేయడానికి లేదు.

మా విన్నపం రెండు జిల్లాల యంత్రాంగానికి, మున్సిపాలిటీలకు, పంచాయతీలకు. కొమ్మల లోడు లెక్కన డబ్బు ఇచ్చినంత కాలం తలలే తెగుతాయి, ఎందుకంటే తల నరికితేనే లోడు త్వరగా నిండుతుంది. కోత వేసిన చెట్టు లెక్కన ఇవ్వండి. మోడు వదిలినా, పట్టీ తెగ్గొట్టినా, పావు వంతుకు మించి ఆకు తీసినా ఆ చెట్టుకు డబ్బు లేదని టెండరులో రాయండి. ఒక్కో మిషన్‌కు ఒక జత చాప్స్, ఒక హెల్మెట్, రెండో తాడు ఉన్నవాళ్లకే పని ఇవ్వండి. చెట్లు చూసి రాసుకునే పని జూన్‌లో, కోత ఆగస్టు చివరికల్లా ముగించండి. సెప్టెంబరులో మొదలుపెడితే వాన తడికి జారే మాను మీద, గాలిలో, తొందరలో కోయాల్సి వస్తుంది.

ఇట్లు,
చెట్ల పనిలో ఉన్న కొందరం,
పలాస–టెక్కలి ప్రాంతం, శ్రీకాకుళం జిల్లా